విశ్రాంతి చీటీ

డెబ్బై అయిదు నిండినట్టు రుజువైతేనే పని మానుకోనిచ్చే కాలం అది. పలాస జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే అసిరమ్మ, విశ్రాంతి చీటీ కోసం పొద్దున్నే వెళ్లి గోడయంత్రం ముందు నిలబడింది. అరవై ఏళ్లుగా పిక్కల పెంకులోని జీడినూనె తినేయడంతో ఆమె వేళ్ల మీద ముద్ర పడే గీతల్లేవు. అలాంటివాళ్ల వయసును యంత్రం చరిత్ర అడిగి తేలుస్తుంది.

"చంద్రుడి మీద మొదటి ఊరు కట్టినప్పుడు మీరెక్కడున్నారమ్మా?"

"ఆ ఏడే మా పెద్దదానికి పచ్చకామెర్లు. ఆకాశం ఎవులు సూసినారు బాబూ?"

"సముద్రం మూడు పట్నాలను ముంచినప్పుడు?"

"మా ఆయన మంచం మీదున్నాడు. అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడమే సరిపోయీది."

"యుద్ధం ఆగిన రోజు?"

"యుద్ధవా? ఎప్పుడు మొదలైనాది?"

వెనక వరసలో ఉన్న కోడలు దాలమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓలత్తా! వారం దినాలు నేర్పినాను కదే. సూసినానని సెప్పెయ్!"

"సూడకుండా సూసినానంటానికి నోరెలా వస్తాదే?"

యంత్రం మర్యాదగానే తేల్చింది. "మీరు చూసిన ఘటనలేవీ లేవు. వయసు నిర్ధారణ కాలేదు. వచ్చే ఏడు రండి."

"అయితే నానింకా పుట్టనేదా బాబూ?"

యంత్రం తర్వాతి మనిషిని పిలిచింది.

అసిరమ్మ కార్ఖానాకు నడిచి, జీడి అంటకుండా వేళ్లకు ఆముదం రాసుకుంది. ఆమె పీట మధ్యలో, ఇన్నేళ్లూ కూర్చున్న మేర అరిగి గుంటపడి ఉంది. అందులో ఒదిగి కూర్చుని మొదటి పిక్క అందుకుంది.