తీయించుకోని పైపు

మిరప కల్లంలోకి ఎవరో కొత్త మనిషి వచ్చింది. ఎండకు ముఖం వాడిపోయింది. చెప్పుల నిండా దుమ్ము.

తాలు కాయల కోసం వచ్చే ఆడవాళ్లు ఆ రోజుల్లో మామూలే. రైతు ఖాదర్ వలి తలైనా ఎత్తలేదు.

"ఆ మూల పోశాం చూడమ్మా. పట్టుకుపో."

"కాయలకు రాలేదండి. మీ కిడ్నీలో పెట్టిన పైపు తీయించుకున్నారా?"

కాయలు ఏరుతున్న కూలీల చేతులు ఆగాయి. ఖాదర్ వలికి ఒళ్లు మండింది.

పోయినేడు గుంటూరులో రాయి తీసినప్పుడు మూత్రం సాఫీగా దిగడానికి లోపల స్టెంట్ పెట్టారు. కొన్ని వారాలాగి వచ్చి తీయించుకోమన్నారు. నొప్పి పోయింది, డాక్టరూ గుర్తు లేడు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం ఆయన. పైగా కుట్లలాగే అదీ లోపల కరిగిపోతుందని గట్టి నమ్మకం.

"నీకెందుకమ్మా నా సంగతి?"

"అది ఉండిపోతే చీము పడుతుందంటండి. మీకు షుగర్ కూడా ఉంది కదా."

"ఓహో, ఆసుపత్రోళ్లు పంపారా? మనిషిని పట్టుకొస్తే నీకెంతిస్తారేం?"

కూలీలు నవ్వారు. ఆమె కోప్పడలేదు.

"ఆలస్యం చెయ్యొద్దండి" అని తలొంచుకుని వెళ్లిపోయింది. మంచినీళ్లు తాగుతావా అని కూడా ఎవరూ అడగలేదు.

పంట అమ్ముడుపోకముందే ఖాదర్ వలిని చలిజ్వరం పట్టుకుంది. భార్య ఖుర్షిదా గుంటూరులో అదే ఆసుపత్రిలో చేర్చింది.

"ఇన్నాళ్లు ఉంచుకుంటారా?" అన్నాడు డాక్టరు. "పైపు మీద బ్యాక్టీరియా గూడు కట్టింది. షుగర్ దానికి తోడైంది. ప్రాణం దక్కింది గానీ ఆ కిడ్నీ ఇక పనిచేయదు."

"మీరు పంపినావిడ చెప్పింది సార్. నేనే వినలేదు."

"మేమెవర్నీ పంపలేదే."

డాక్టరు వెళ్లాక, సెలైన్ సరిచేస్తూ నర్సు షారోన్ అంది.

"అంకమ్మగారేమోనండి. మీ ఆపరేషనప్పుడు పక్క మంచం మరియదాసుగారి భార్య. మీకు గంజి కూడా తాగించింది."

ఖాదర్ వలి సిగ్గుతో చితికిపోయాడు. గంజి గుర్తుంది. పట్టిన మనిషే గుర్తు లేదు.

"ఆమెకు దండం పెట్టుకోవాలమ్మా. మరియదాసు బాగున్నాడా?"

షారోన్ సెలైన్ వదిలి ఆయన వైపు తిరిగింది.

"ఆయనా మీలాగే పైపు తీయించుకోలేదండి. ఆయన్ని సమాధి చేసిన మర్నాడే ఆమె నాకు ఫోన్ చేసి, మీ ఊరికి ఏ బస్సు ఎక్కాలని అడిగింది."