చెయ్యి తియ్యకు

వేములవాడ రాజన్న గుడి నుంచి వస్తున్న బస్సు బోల్తా పడిందని వినగానే పర్శరాములు మగ్గం గుంటలోంచి లేచి ఉరికాడు. విషజ్వరం నుంచి ఈమధ్యే తేరుకున్నాడు. ఆ బస్సులో తల్లి బాలవ్వ, భార్య నర్మద ఉన్నారు. నైజాం పోయి పదేండ్లయినా ఆ దిక్కుమాలిన రోడ్డు మాత్రం బాగుపడలేదు.

కరీంనగర్ దవాఖాన వరండా నిండా యాత్రికులు. కొందరికి గుండ్లు, కొందరికి జుట్టు, అందరికీ రక్తమే. నేల మీద పగిలిన గాజుల ముక్కలు. ఆ పూట డాక్టరు ఒక్కడే. అరిచేవాళ్లను ఆగమని, అరవని వాళ్ల దగ్గరికి ముందు పోతున్నాడు.

“నర్సమ్మా, నా భార్య... మోకాళ్ల దాక జడ ఉంటది. సూసినవా?”

“గంత జడ ఉన్నామె ఈడెవ్వరు లేరయ్యా. జర గీమెను పట్టు!”

మూల బల్ల మీద ఒకామె. ముఖమంతా కట్టు, మెడ దాకా దుప్పటి. నున్నటి గుండు, బోసి చేతులు. నర్సు ఆమె జబ్బ మీది గాయంపై గుడ్డ మడతపెట్టి, అతని అరచేతిని దానిమీద అదిమింది.

“డాక్టర్ సాబ్ వచ్చేదాక చెయ్యి తియ్యకు. తీస్తే నెత్తురు ఆగది.”

మొగుడు పోయిన ముసలామె కాబోలు అనుకున్నాడు. పాపం, ఎవరి కోసం మొక్కడానికి పోయిందో!

“భయపడకు అవ్వా, నేనున్న.”

ఆ గొంతు వినగానే ఆమె రెండో చేత్తో అతని మణికట్టు పట్టుకుంది. కట్టు లోపల ఏదో మూలుగు. దవడలు కలిపి బిగించిన ఆ కట్టు మాటను బయటికి రానివ్వలేదు.

బయట ఎవరో కేకేశారు. “తక్కినోళ్లను వేములవాడలనే ఉంచిన్రట! లారీ పోతుంది, ఎవరొస్తరు?”

అయితే నర్మద అక్కడే ఉంది! పర్శరాములు నర్సును పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. లారీ హారన్ కొట్టింది.

“నా పెండ్లం కాడికి పోవాలె అవ్వా. మాఫ్ చెయ్యి.”

ఆమె వదల్లేదు. అతనికి ఏడుపొచ్చింది. అయినా ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించుకుని పరుగెత్తాడు.

వేములవాడలో బాలవ్వ కాలికి కట్టుతో గోడకానుకుని ఉంది. పక్కన నర్మద లేదు.

“అవ్వా, నర్మదేది?”

“కరీంనగర్ తీస్కపోయిన్రు కదరా. నువ్వు ఆడికెల్లే వస్తుంటివి, సూడలేదా?”

“ఆడ లేదవ్వా. అంత జడ నాకు కానరాకపోవునా?”

బాలవ్వ కొడుకు చేతులకంటిన నెత్తురు వైపు చూసింది.

“జడేడిది కొడుకా, నీ జరం తగ్గితె తలనీలాలిస్తనని నీకు చెప్పకుంట మొక్కుకున్నది, పొద్దుగాల్నే రాజన్నకు ఇచ్చేసింది.”