మూడు సెకన్లు

"మూడు సెకన్లు!" కమాండరు మూడు వేళ్లు ఎత్తి చూపించాడు. "గుండు తోకకి తగిలింది. హైడ్రాలిక్ గొట్టాలు రెండూ తెగాయి. ఒకటి, రెండు, మూడు. చేతిలో కంట్రోల్ స్టిక్ బిగుసుకుపోయింది. దూకేశాను. ఇందులో నీకు అర్థం కానిదేమిటమ్మాయ్?"

కంప్యూటర్ ముందున్న అమ్మాయి కుర్చీ ఇటు తిప్పింది. యుద్ధవిమానాల ఆట తయారుచేసే ఆ కంపెనీలో, ఏ దెబ్బకి ఏ విమానం ఎలా పాడవ్వాలో రాసేది ఆమే.

"గొట్టాలు తెగినా రిజర్వు సిలిండర్‌లో కాస్త ఆయిల్ ఉంటుంది కదా సార్. ఆ ఒత్తిడి అయిపోయేదాకా స్టిక్ కదలాలి. లెక్కేస్తే ఇరవై సెకన్లు వస్తోంది."

"లెక్కలు ఎగరవు. నేను ఎగిరాను."

ఆటకి సలహాదారుగా వచ్చినప్పటినుంచి ఆ మాటతో ఆ గదిలో ఎన్ని నోళ్లు మూయించాడో లెక్కలేదు. నలభై ఏళ్ల కిందటి యుద్ధంలో, నది మీది శత్రువుల వంతెన కూల్చడానికి వెళ్లాడు. వంతెనకి కాపలాగా ఉన్నది ఒకే ఒక్క ఫిరంగి. అదే తనని కొట్టిందని చెప్పి పతకం అందుకున్నాడు. ఆటతోపాటు ఇచ్చే పుస్తకంలో ఆయన ఫొటో, ఆయన కథ. పేరు 'మూడు సెకన్లు'. సాయంత్రం అచ్చుకి వెళ్లాలి.

మధ్యలో ఈ ఉత్తరాలాయన తగులుకున్నాడు. నమూనా ఆట చూసి, 'మీ విమానం పడే తీరు తప్పు' అంటూ ఏడు ఉత్తరాలు రాశాడు. చివరికి యజమానికి కూడా అనుమానం పట్టుకుంది.

"పిలిపించండి," అన్నాడు కమాండరు. "నా ఎదురుగా కూర్చుని చెప్పమనండి. తోలు ఒలిచి పంపిస్తాను."

ఆ ఉత్తరాలు రాసిన పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, గుడ్డ సంచీ. తలుపు దగ్గర కాపలావాడితో సహా అందరికీ నమస్కారం పెట్టాడు.

"రండి రండి, మహానుభావా!" కమాండరు ఆయన్ని తీసుకెళ్లి, ఆట కోసం పెట్టిన నమూనా కాక్‌పిట్ సీట్లో కూలదోశాడు. "ఏదీ, ఒక్కసారి లేపండి చూద్దాం."

పెద్దాయన కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె కోసం వెతికినట్టు రెండు చేతులతో తడుముకున్నాడు. ఏదో మీట దొరికింది. లాగాడు. తెర మీది విమానం నేల మీదే బోర్లాపడింది.

"అయ్యయ్యో, అది చక్రాలు మడిచే మీటండీ! ఇంట్లో మిక్సీకి ఇన్ని మీటలుండవు, పాపం." కమాండరు నవ్వాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వాలి. నవ్వారు.

పెద్దాయన కూడా నవ్వేశాడు. "నాకిది నడపడం రాదండీ. బయటినుంచి చూపిస్తారా?"

అమ్మాయి తెర మార్చింది. ముందు కమాండరు చెప్పిన పద్ధతి. గుండు తగిలిన మూడో సెకనుకి విమానం గిర్రున తిరిగి కూలింది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

తర్వాత అమ్మాయి లెక్క. తోక కింద ఎర్రటి ఆయిల్ తుంపర లేచింది. చక్రాల తలుపులు వదులై వేలాడాయి. ముక్కు లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఇరవై ఒకటో సెకనుకి ఒక పక్కకి ఒరిగిపోయింది.

"అదీ! అచ్చం ఇలాగే," అన్నాడు పెద్దాయన. "ఎడమ తలుపు ముందు జారాలి తల్లీ. కుడిది తర్వాత."

అమ్మాయి గబగబా విమానం నక్షా తీసి చూసింది. "అవును సార్! ఎడమ గొట్టమే తోకకి దగ్గర. ఆయిల్ ముందు అటే కారిపోతుంది."

కమాండరు మెడ కందిపోయింది.

యజమాని నెమ్మదిగా అడిగాడు. "కమాండరుగారూ, ఇరవై సెకన్లుంటే నది దాటి మనవైపు వచ్చేయొచ్చు కదా? మరి మీరు మూడో సెకనులోనే..."

ఫొటో, పుస్తకం, నలభై ఏళ్లుగా సభల్లో చెప్పిన కథ. అన్నీ ఆ సగం మాట కింద నలుగుతున్నాయి.

"మీరే చెప్పండి పెద్దాయనా," యజమాని ఇటు తిరిగాడు. "మూడా, ఇరవయ్యా? ఏది అచ్చు వేయమంటారు?"

పెద్దాయన కమాండరు మొహంలోకి కాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"అన్ని విమానాలకీ దెబ్బ ఒకేచోట తగలదు కదండీ. ఆటలో అమ్మాయి లెక్క పెట్టుకోండి. పుస్తకంలో ఆయన కథ ఆయనకి ఉండనివ్వండి."

యజమాని హమ్మయ్య అనుకుని ప్రెస్సుకి ఫోన్ చేశాడు.

ఇంకొకడైతే అక్కడితో ఊరుకునేవాడు. కమాండరుకి ఊరుకోవడం చేతకాదు. లిఫ్టు దాకా వెంటపడ్డాడు. అక్కడ ఇద్దరే ఉన్నారు.

"ఏడు ఉత్తరాల పౌరుషం ఏమైందండీ? నా ఎదుటికొచ్చేసరికి తుస్సుమంది! ఇంతకీ తమరు ఎక్కిన విమానమేది? ఏ స్క్వాడ్రను? లేకపోతే అంతా సినిమాల్లో చూసిందేనా?"

పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. లోపలివాళ్లకి వినపడదని రూఢి చేసుకున్నాక గొంతు తగ్గించాడు.

"నేను విమానం ఎక్కలేదండీ, ఆ వంతెన దగ్గరి ఫిరంగి నాదే; మీరొచ్చిన రోజు మాకు గుండ్లు అందక ఒక్కటీ పేల్చలేదు."