తేజ మిర్చి చారు

“జర ఒక్క నెల ఆగుండ్రి సార్. మిర్చితోనే సాఫ్ చేస్త” అని బతిమాలాడు కైలాసం.

డాక్టర్ నిరంజన్ ఓసారి కళావతి వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. మిర్చి తినేవాళ్ల రక్తనాళాలు కాస్త వదులవుతాయని కొన్ని పరిశోధనలు చెబుతున్న మాట నిజమేనట. పూడుకుపోయిన నాళాన్ని మాత్రం ఏ మిర్చీ తవ్వి తీయలేదట. స్టెంటు ఇవాళే వేయాలి, ఇంకా నానబెడితే ప్రాణానికే ముప్పు అన్నాడు.

కైలాసం వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. తలుపు వైపు కళావతి కూర్చుంది. భార్య ముఖంలోకి చూడాలంటే ఆయనకు ధైర్యం చాలలేదు.

మహబూబాబాద్‌లో మిర్చి వ్యాపారం ఆయనది. నోరు పెద్దది, మనసు వెన్న. సొంత ఒంటి మీద మాత్రం బొత్తిగా లక్ష్యం లేదు. రొమ్ములో మంట లేస్తే, మిర్చి సేటుకు మంట గాక చల్లదనం వస్తదా అని నవ్వి, చెంబెడు మజ్జిగ తాగి ఊరుకునేవాడు.

కిందటేడు వ్యాపారుల సంఘం గుండె పరీక్షలు పెట్టిస్తే, కళావతి పోరు పడలేక ఆమెతోపాటు తనూ చేయించుకున్నాడు. గోదాంలో సరుకు దిగుతున్న రోజులు. రిపోర్టులకు కళావతే వెళ్లింది. తిరిగొచ్చి, తన గుండె నాళాలు పూడుకుపోతున్నాయన్నారని మెల్లగా చెప్పింది.

ఆ రోజు నుంచి కైలాసం కాలుగాలిన పిల్లి అయ్యాడు. మిర్చిలో ఘాటు పుట్టించే పదార్థం నాళాలను విప్పుతుందని ఫోన్లో ఎవరో చెప్పగా విన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. మందు నా గోదాంలనే పెట్టుకుని దవాఖానల చుట్టూ తిరుగుతున్నానా అని తల బాదుకున్నాడు. చపాటా కాయకు రంగే తప్ప ఘాటు లేదని పక్కకు తోసి, గార్ల నుంచి రైతు దస్రు తెచ్చిన తేజ మిర్చి ఏరుకున్నాడు. పొయ్యి ముఖం ఎరగని మనిషి, తనే దంచి చారు కాచాడు.

వాళ్లింట్లో ఒక రివాజు ఉంది. అమ్మేవాడు కొనేవాడి ఎదుట ముందు తాను ఒక కాయ కొరకాలి. తన నోటికి ఒప్పనిది ఎదుటివాడి నోటికి అందించకూడదు. బాపు దుకాణంలో నేర్పింది ఇంట్లోకీ వచ్చేసింది. అందుకే చారు ముందు తాను తాగి, కళ్లూ ముక్కూ తుడుచుకుని, అప్పుడు కళావతికి ఇచ్చేవాడు. డాక్టరిచ్చిన మాత్రలదీ అదే వరస. ఆయన వేసుకునేదాకా ఆమె నోరు తెరిచేది కాదు. నూనె వద్దంటే ఇద్దరూ మానారు. నడవమంటే ఇద్దరూ నడిచారు. ఆ పొగ తనకు పడడం లేదని కళావతి అనగానే, పెళ్లికి ముందు నుంచీ ఉన్న సిగరెట్టును ఒక్క పూటలో పారేశాడు.

ఇవాళా అంతే. పరగడుపున రమ్మన్నారు కాబట్టి ఆమె తినలేదు, ఆయనా తినలేదు. రక్తం అవసరం పడొచ్చని కళావతి అంటే చెయ్యి చాపి ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని అంటే ఈసీజీ బల్ల మీదా పడుకున్నాడు. పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టాడు.

ఇన్ని చేసినా చివరికి కత్తి కిందికే వచ్చింది బతుకు. తెల్లారి లేస్తే కళావతి లేని ఇల్లు. ఆ తలపుకే ఆయనకు ఊపిరి అందలేదు. ఒళ్లంతా చెమట పట్టింది. ఆమె చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

“నాకేం తోస్తలేదు కళా. నువ్వు లేకుంటే నేను బతుక.”

కళావతి కొంగుతో ఆయన నుదురు తుడిచింది.

“భయపడకుండ్రి. నేను ఈడనే ఉంట. ఏడికీ పోను.”

ఆ మాటకు ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తనకు ధైర్యం చెప్పడానికే అంటోందని తెలియదా?

తలుపు తెరుచుకుని లోపలి నుంచి వచ్చిన స్ట్రెచర్, కళావతిని దాటుకుని కైలాసం ముందు ఆగింది.