ఒడ్డు కనపడేంత దూరం

మా ఇంటాయన పంపాపతికి సముద్రంలో చేపలు పట్టాలంట. "ఉప్పునీళ్లే కదా, మన బోర్లో వచ్చేవీ అవేలే" అంటే మొగం గోడకు తిప్పుకున్యాడు. ఇంక పోరు పడలేక, బాపట్ల పక్క పడవ తిప్పే ఆయనకు ఈపొద్దు నేనే ఫోన్ చేస్తి.

"ఎంతమందమ్మా?" అన్నాడు పడవాయన.

"ఇద్దరమేనన్నా."

"ఈతొచ్చా?"

"మా ఆయన కాలవలో బాగా ఈదేటోడు. ఇప్పుడు ఈదడులే."

"మరీ లోపలికి పోంలేమ్మా. ఒడ్డు కనపడతానే ఉంటది. పండుగప్ప చేప పడుద్ది."

అన్నిటికీ ఊ అంటి. మా ఊరు కప్పగల్లు నుంచి ఆడికి బస్సో రైలో, తలుచుకుంటేనే నడుము నొస్తాండాది. ఈయనేమో ఊరికే నా నోరే చూస్తా కూర్చున్యాడు.

"గాలి మీరే తెచ్చుకుంటారా, మేం ఇవ్వాలా?"

"మేమే తెస్తామన్నా. చిన్న సిలిండరే. పడవలో ఈయన పక్కన పెట్టేకి జాగా ఉంటే చాలు."



"గాలి కాదమ్మా, గాలం అడిగా," అన్నాడు గొంతు తగ్గించి. "పర్లేదు, గాలం మేమే ఇస్తాం, రండి. ఒడ్డుకి ఇంకా దగ్గర్లోనే తిప్పుతా."

ఫోన్ పెట్టేస్తి. ఈయన ముక్కుకాడ పైపు సర్దుకుంటా, "ఏమంటాడే?" అన్నాడు.

"గాలం వాళ్లిస్తారంట," అంటి. "గాలి మనమే తీసకపోవల్లంట."