లోపల వదిలిన గుడ్డ

టేపు నా స్నేహితురాలి ఛాతీ చుట్టూ తిరిగొచ్చి ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది.

"ముప్ఫై ఆరు," అన్నాను నేను.

అది మంచం మీద కూర్చుని, కళ్లు తెరవకుండానే నవ్వింది. "ముప్ఫై ఎనిమిదేళ్లు కొలతలు తీసినదాన్ని. నాకే చెప్తున్నావా?"

చెప్పక ఏం చెయ్యను?

మా కొట్లో గుడ్డ కోసేది అది, కుట్టేది నేను. వీధి వీధంతా దాన్ని కత్తెరక్క అనేవాళ్లు, నన్ను మిషనక్క. రెండో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ మేం పోట్లాడుకోని రోజు లేదు, మాట్లాడుకోని రోజూ లేదు. దాని మొదటి కోత వాళ్లమ్మ కిటికీ కర్టెను మీద. నా మొదటి కుట్టూ ఆ కర్టెను మీదే. తిట్లు మాత్రం సమానంగా పంచుకున్నాం.

నిన్న డాక్టరు దాన్ని ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు. ఇంక వాడడానికి మందుల్లేవట. రెండు వారాలు, మహా అయితే మూడు అన్నాడు, దాని ఎదురుగానే.

అది బుద్ధిగా తల ఊపింది. నేను మాత్రం ఆయన్ని కడిగిపారేసి వచ్చాను, ఆయన తప్పేమీ లేకపోయినా.

ఇంటికొచ్చాక అది ఒక్కటే అడిగింది. ముందు వైపు బొత్తాలున్న మెత్తటి గౌను.

"కోసి ఇవ్వు, గంటలో కుట్టేస్తా," అన్నాను అలవాటు కొద్దీ.

అనేసి నాలుక కరుచుకున్నాను. మంచినీళ్ల గ్లాసు ఎత్తడానికే దానికి రెండు చేతులూ చాలడం లేదు.

అది పక్కనున్న సంచిలోంచి కత్తెర తీసి నా ముందు పెట్టింది. "నువ్వే కొయ్యి."

ఆ కత్తెర సంగతి చెప్పాలి. ఇన్నేళ్లలో దాన్ని ఇంకొకరు తాకలేదు. ఒకసారి దారం తెంపుదామని నేను తీసుకుంటే మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. చెయ్యి మారితే కత్తెర పాడవుతుందంటుంది.

"నేను ముట్టను."

"ఎందుకే?"

"నాకు రాదు."

"రాక కాదులే."

నిజమే. ఆ కత్తెర నా చేతికొస్తే, నా స్నేహితురాలు ఇంక కొట్టుకి రాదని నేను ఒప్పుకున్నట్టే. ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

"నువ్వు కొయ్యడం చూస్తేగానీ నాకు నిమ్మళంగా ఉండదే," అంది. "నేను లేకపోతే కొట్టు మూసేస్తావని నా భయం. మూసేసి ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్? గోడల్ని తిడతావా?"

గోడల్ని తిట్టే రకమే నేను. కత్తెర తీసుకున్నాను.

నేల మీద గుడ్డ పరిచి సుద్దతో గీయడం మొదలుపెట్టాను. అది మంచం అంచు నుంచి తొంగి చూస్తూ కూర్చుంది. చంక వంపు దగ్గర, "ఇంకాస్త లోతుగా," అంది. మెడ దగ్గర, "అంత కంగారెందుకు, ఎవరైనా తరుముతున్నారా?" అంది.

పక్క గీత దగ్గర, "కొలత ఇరవై ఎనిమిదే కదా. ఆ గీత అంత దూరం పోయిందేంటి?" అని అడిగింది.

"లోపలికి గుడ్డ వదులుతున్నా."

"ఎంత?"

"నాలుగంగుళాలు."

"అంతంత ఎదిగే పిల్లలకి వదులుతామే."

"నువ్వు ఒళ్లు చేస్తే విప్పి వదులు చేస్తా," అన్నాను.

అది చాలాసేపు నన్నే చూసింది. ఇంక చాల్లే, ఒప్పుకో అంటుందేమోనని నేను గీత మీంచి కళ్లెత్తలేదు.

"నాలుగేం సరిపోతుంది?" అంది. "తినడం మొదలుపెడితే నేను ఆగుతానా? ఐదు వదులు."

గీత చెరిపి, బయటికి జరిపి గీశాను. కత్తెర మొదట్లో మొరాయించింది, తర్వాత దారికొచ్చింది. ఒకచోట కోత వంకర పోయింది. అది చూసి కూడా ఊరుకుంది, జన్మలో మొదటిసారి.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి గౌను తొడుక్కుని కూర్చుని ఉంది.

"కాస్త బిగుతుగా ఉందే," అంది.

ఆ గౌనులో ఇంకో మనిషి పట్టేంత చోటుంది.

దానికి దుప్పటి కప్పి, గౌను తీసి, పక్క కుట్లు విప్పి అరంగుళం వదులు చేశాను. ఆ మర్నాడు మళ్లీ బిగుతుగా ఉందంది. మళ్లీ విప్పాను. ఆ తర్వాత రోజూ అంతే.

వాళ్లమ్మాయి నన్ను గుమ్మంలో ఆపింది. "పిన్నీ, అమ్మ రోజురోజుకీ చిక్కిపోతుంటే నువ్వా గౌను పెంచుకుంటూ పోతావేంటి?"

పిల్ల కళ్ల నిండా నీళ్లు.

"మీ అమ్మ ఒళ్లు చేస్తోంది. నీకే చూపు ఆనట్లేదు," అన్నాను.

లోపల అది నవ్వడం వినిపించింది. నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వింది.

తొమ్మిదో రోజు అది లేచి కూర్చోలేకపోయింది. నన్ను చూసి పెదాలు కదిపింది. ఏమందో వినక్కర్లేదు.

గౌను తీసి ఒళ్లో పెట్టుకుని, ఉన్న కుట్లన్నీ విప్పాను. గుడ్డ అంచు వేళ్లకి తగిలింది. అంచు వెంబడే సన్నగా కుట్టి, మళ్లీ తొడిగి, బొత్తాలు పెట్టాను.

"లోపల గుడ్డ అయిపోయిందే," అన్నాను.

అది గౌను మీద చెయ్యి వేసుకుని, మెల్లగా నిమురుకుంది.

"చాలు," అంది. "ఇప్పుడు సరిపోయింది."