అందరి మనిషి

మేనేజర్ గదిలోంచి రాంప్రసాద్ బయటికి రాగానే సుగుణ కీబోర్డు మీద వేళ్ళు ఆపేసింది.

“ఏమడిగిండన్నా?”

“అందరి గురించి అడుగుతాండు. ఎవరెట్ల పని చేస్తరు, ఎవరికి ఎవరితోని పడది, అన్నీ. ఒక్కొక్కలను పిలిచి గట్లనే అడుగుతడట.” రాంప్రసాద్ కుర్చీలో కూలబడి, చల్లారిపోయిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. “పద్మలత సంగతి మొత్తం చెప్పిన. ఇగ ఆమె డోర్నకల్ రైలెక్కుడే.”

వరంగల్ స్టేషన్ రోడ్డులోని ఆ పార్శిల్ ఆఫీసులో వారం నుంచి డోర్నకల్ తప్ప వేరే మాట లేదు. అక్కడి బ్రాంచికి ఇక్కడినుంచి ఒకరిని పంపమని హైదరాబాద్ నుంచి కబురొచ్చింది. ఇంతకుముందు వెళ్ళినవాడు అక్కడి సిబ్బంది కొట్లాటల మధ్య వేగలేక ఉద్యోగమే మానుకున్నాడు. ఇప్పుడు ఎవరిని పంపాలో తేల్చాల్సింది కొత్త మేనేజర్ వెంకట్రాజం. ఎవరి మీద ఎక్కువ చాడీలు పడితే వాళ్ళకే ట్రాన్స్‌ఫర్ అని ఆఫీసంతా తీర్మానించుకుంది. ట్రాన్స్‌ఫర్ అంటే శిక్ష అని మన ఆఫీసుల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు కదా.

సుగుణకు డోర్నకల్ పేరు వింటేనే దడ. ఇంట్లో అత్త మొగిలమ్మ పక్షవాతంతో మంచాన ఉంది. భర్త లారీ మీద పోతే వారానికి గాని రాడు. అందరూ చాయ్ తాగే వేళకు సుగుణ ఆటో ఎక్కి ఇంటికి పరుగెత్తి, అత్తను అటు నుంచి ఇటు తిప్పి, నాలుగు చెంచాల నీళ్ళు పోసి వస్తుంది. డోర్నకల్ అయితే పొద్దున పోయి చీకటి పడ్డాకే రావడం. అంతసేపు ఆ ముసలామె గొంతు తడిపే దిక్కుండదు.

“మరి నా గురించి ఏం చెప్పినవన్నా?” అంది మెల్లగా.

“నీ గురించి చెడు చెప్తె నా నాలుక పడిపోదా చెల్లె? జర మంచిగ చెప్పుమని నిన్న అడిగినవు గద, చెప్పిన. పద్మలతను మాత్రం నమ్మకు. నువ్వు లేనప్పుడు నిన్ను గోడ మీద పిల్లి అంటది.”

ఆఫీసులో రెండు వర్గాలు. అన్నాలు కూడా వేరే వేరే. రాంప్రసాద్ వాళ్ళు బుకింగ్ కౌంటర్ వెనక తింటారు, పద్మలత వాళ్ళు గోడౌన్ మెట్ల మీద. సుగుణ ఒక రోజు ఇటు, ఒక రోజు అటు. ఆమె తెచ్చే పచ్చిపులుసు మాత్రం రెండు వర్గాలకూ ఇష్టమే. ఇక్కడ విన్నది అక్కడ చెప్పకుండా రెండేళ్ళు నెట్టుకొచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందరికీ నవ్వు ముఖం చూపించీ చూపించీ సాయంత్రానికి దవడలు నొప్పి పెట్టేవి. ఇంతా చేసి, వీళ్ళలో తనకు నిజమైన స్నేహితులు ఎవరో ఆమెకే తెలియదు.

తర్వాత పద్మలత లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది.

“రాంప్రసాద్ బండారమంత బయటపెట్టిన,” అంది సుగుణ పక్కన వంగి. “ఇగ మూటముల్లె సదురుకోవాలె.”

“నా సంగతేమన్న వచ్చిందా అక్కా?”

“వచ్చింది. ఎవ్వలతోనైన కలిసిపోతది, మా సుగుణ బంగారం అన్న. ఫికర్ జెయ్యకు. గని రాంప్రసాద్ నీ మీద ఏం చెప్పిండో నాకెరుక లేదు. ముంగట ఒకటి, ఎనుక ఒకటి. నువ్వే పిచ్చిదానివి, అందర్ని నమ్ముతవు.”

సుగుణ తల ఊపింది. ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. నమ్మి, నమ్మి విసుగొచ్చింది. ఈ ఒక్క గండం గట్టెక్కితే చాలు అనుకుంది.

చివరగా ఆమెను పిలిచారు.

“కూర్చోమ్మా,” అన్నాడు వెంకట్రాజం. యాభై దాటిన మనిషి, పొద్దటినుంచి చాడీలు విని విని ఆయన కళ్ళు కూడా అలసిపోయాయి. “నువ్వు గూడ చెప్పు. ఎవరు మంచోళ్ళు, ఎవరు కాదు?”

“అందరూ మంచోళ్ళే సార్.”

“అందరా?”

“కోపాలుంటయ్ సార్. పని కాడికి వచ్చేసరికి అందరు చేస్తరు.”

ఆయన నవ్వాడు. “పొద్దటిసంది ఇదేనమ్మా మొదటి మంచిమాట. రాంప్రసాద్ పద్మలతను తిట్టిండు. పద్మలత రాంప్రసాద్‌ను తిట్టింది. గోడౌన్ రాజమల్లు ఇద్దర్ని తిట్టిండు. నీ మీద మాత్రం ఒక్క చెడ్డమాట లేదు. ఎవ్వలతోనైన కలిసిపోతది అన్నరు, అందరు అదే మాట. ఆ రెండు పార్టీలు ఒక్కటైంది నీ ఒక్కదాని కాడనే.”

సుగుణకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాంప్రసాద్ మాట నిలబెట్టుకున్నాడు. పద్మలతా నిలబెట్టుకుంది. అనవసరంగా అనుమానపడినందుకు ఆమెకు సిగ్గేసింది. రెండేళ్ళ అలసట ఒక్కసారిగా భుజాల మీంచి దిగినట్టయింది. అవసరమైతే అత్త సంగతి చెప్పుకుని బతిమాలాలని వచ్చింది. ఇక ఆ పని లేదు. రేపు పచ్చిపులుసు ఎక్కువే చేసి అందరినీ ఒకచోట కూర్చోబెట్టి తినిపించాలి అనుకుంది.

“థాంక్స్ సార్,” అంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

“నాకెందుకమ్మా థాంక్స్, నీ దోస్తులకు చెప్పు,” అంటూ వెంకట్రాజం పెన్ను అందుకున్నాడు.

“అందుకే, డోర్నకల్‌కు నిన్నే పంపుతాన.”